సజ్దా నుంచి లేవలేని ఆపా, చేతులు చూడని మనం

రంజాన్ నెల, తరావీహ్ వేళ. మా ఇంటి ఆడవాళ్లు లోపలి గదిలో సఫ్ కట్టి నమాజ్ చేస్తున్నారు. మా పెద్ద ఖాలా బిడ్డ, మేమంతా ఆపా అని పిలిచే మనిషి, సజ్దాలోంచి లేవలేకపోయింది. ఒక చెయ్యి నేలకు ఆనించి, రెండో చేత్తో మంచం కోడు పట్టుకుని ఎట్లో లేచింది. తర్వాతి రకాత్‌లో కూడా అంతే. సలాం తిప్పాక మా అమ్మీ అడిగిందట, "క్యా హువా గే?" అని. "కుచ్ నై ఖాలా, కమ్‌జోరీ" అందట ఆపా. మరుసటి రోజు నుంచి కుర్చీ మీద నమాజ్. నలభై రెండేళ్ల మనిషికి కుర్సీ ఏంటని ఒకామె నవ్వింది కూడా.

ఇది 2024 సంగతి. ఆ నవ్వినామెను తిట్టే ముందు నన్ను నేను తిట్టుకోవాలి. అంతకు నెల ముందే, ఫిబ్రవరిలో, 'దంగల్' సినిమాలో చిన్నప్పటి బబితగా నటించిన సుహానీ భట్నాగర్ పందొమ్మిదేళ్లకే ఢిల్లీ ఎయిమ్స్‌లో చనిపోయింది. బీమారీ పేరు డెర్మటోమయోసైటిస్ అని, చేతి మీద మొదలైన లక్షణాలు చివరికి ఊపిరితిత్తులదాకా పోయాయని వార్త వచ్చింది. మా డెస్క్‌లో ఆ వార్త తెలుగు చేసింది నేనే. 'అరుదైన వ్యాధి' అని హెడ్డింగ్ పెట్టి, పేజీ పంపించి, చాయ్ తాగడానికి పోయాను. నెల తిరిగేసరికి ఇఫ్తార్ దస్తర్‌ఖాన్ మీద ఆపా నాకు ఖర్జూరం పళ్లెం అందిస్తుంటే ఆమె వేళ్ల కణుపుల మీద ఎర్రటి బుడిపెలు కనిపించాయి. "సబ్బు మార్చు ఆపా" అన్నాను.

రాసినవాడికే అర్థం కాని వార్త చదివినవాళ్లకేం అర్థమవుతుంది? అందుకే ఈసారి వివరంగా రాస్తున్నా.

ముందు బీమారీ సంగతి. మన ఒంట్లో బయటి జెర్మ్స్‌తో కొట్లాడే ఫౌజ్ ఒకటుంది. ఆ ఫౌజ్ దారితప్పి సొంత కండరాలను, చర్మాన్ని దుష్మన్‌గా చూడటం మొదలుపెడితే వచ్చేది మయోసైటిస్. చర్మం మీద కూడా కనిపిస్తే డెర్మటోమయోసైటిస్. ఇది అంటుకునేది కాదు. ఒకే పళ్లెంలో తిన్నా, ఒకే దుప్పట్లో పడుకున్నా రాదు. పిల్లలకూ వస్తుంది, నడివయసులోనూ వస్తుంది. మగవాళ్లకంటే ఆడవాళ్లకు ఎక్కువ.

దీని నిషానీలు మన రోజువారీ పనుల్లోనే ఉంటాయి. తుంటి, భుజాల దగ్గరి పెద్ద కండరాలు ముందు దెబ్బతింటాయి. కాబట్టి పెన్ను పట్టుకోవడం వస్తుంది గానీ తల దువ్వుకోవడం కష్టం. నడవడం వస్తుంది గానీ నేల మీంచి లేవడం, మెట్లెక్కడం కష్టం. సజ్దా నుంచి లేవలేకపోవడం ఈమాన్ కమ్‌జోరీ కాదు, ఉమర్ కూడా కాదు. నలభై ఏళ్ల మనిషి నెలా రెండు నెలల్లో అట్లా అయిపోతే అది కండరం చెబుతున్న మాట. చర్మం సంగతికొస్తే, కనురెప్పల మీద వంగపండు రంగు, వేళ్ల కణుపుల మీద బుడిపెలు, మెడ కింద, భుజాల వెనక శాలువా కప్పినంత మేర ఎరుపు. ఇంకొకటి, వేళ్ల పక్కలు పగిలి, గరుకుగా, గ్రీజు పని చేసినట్టు నల్లబడతాయి. డాక్టర్లు దీన్ని మెకానిక్ చేతులు అంటారు. ఆపా బట్టలు కుట్టేది. అందరం మిషన్ పని వల్ల అనుకున్నాం.

ఇప్పుడు అసలు మాట. ఈ బీమారీలో కనిపించేది చర్మం, నొచ్చేది కండరం. ప్రాణం తీసేది మాత్రం చాలాసార్లు ఊపిరితిత్తి. ఉర్దూ మీడియంలో మేం ఫేఫ్డే అని చదివాం, డిగ్రీలో ఊపిరితిత్తులు అని చదివాను, డాక్టర్ రిపోర్టులో ఐఎల్‌డీ అని ఉంటుంది. ఆపాకు మూడు భాషల్లో ఏ ఒక్కదాంట్లోనూ ఎవరూ చెప్పలేదు. గాలి తిత్తుల మధ్య ఉండే పల్చటి పొర వాచి, తర్వాత మచ్చకట్టి గట్టిపడుతుంది. గాలి లోపలికి పోతుంది గానీ ఆక్సిజన్ రక్తంలోకి దిగదు. మొదట పొడి దగ్గు, తర్వాత మెట్లెక్కితే ఆయాసం, చివరికి కూర్చున్నచోటే ఆయాసం.

ఆపా సఫర్ ఎట్లా సాగిందో వినండి. ఈద్ తర్వాత మా ఊళ్లో ఒక డాక్టర్ రక్తం తీయించాడు. ఎస్‌జీఓటీ, ఎస్‌జీపీటీ పెరిగి ఉన్నాయి. లివర్ అన్నాడు. ఇంట్లో వాళ్లు దానికి యర్కాన్ అని పేరు పెట్టి పసరు తాగించారు, నెలరోజులు ఉప్పూ నూనె లేని తిండి పెట్టారు. ఆ రెండు ఎంజైములు లివర్‌లోనే కాదు, కండరంలో కూడా ఉంటాయి. కండరం విరిగితే అవీ రక్తంలోకి వస్తాయి. పక్కనే సీపీకే అనే ఇంకో టెస్టు చేస్తే ఆరోజే తేలేది. అది ఎవరూ రాయలేదు.

తర్వాత దగ్గు. ఛాతీ ఎక్స్‌రేలో కింద భాగం మసగ్గా ఉంది. కళ్లె రెండుసార్లు పరీక్షించినా టీబీ క్రిమి కనపడలేదు. అయినా ఆరు నెలల టీబీ కోర్సు మొదలుపెట్టారు. మన ముల్క్‌లో టీబీ ఎక్కువ, డాక్టర్‌కు ముందు అదే గుర్తుకు రావడం తప్పు కాదు. కానీ కళ్లెలో క్రిమి లేదు, రెండు నెలల మందుకు ఆయాసం తగ్గకపోగా పెరిగింది, మనిషి కుర్చీలోంచి లేవడం లేదు. అప్పుడైనా 'ఇంకేమన్నా కావొచ్చా' అనే సవాల్ వేసుకోకపోవడం తప్పే.

చివరికి హైదరాబాద్‌లో ఒక రుమటాలజీ డాక్టరమ్మ ముందు కూర్చున్నాం. ఆపా అప్పటికి బుర్ఖా కింద నల్ల గ్లోవ్స్ వేసుకోవడం మొదలుపెట్టింది. పర్దా కోసం కాదు, మచ్చలు కనపడకూడదని. డాక్టరమ్మ రిపోర్టుల కట్ట పక్కన పెట్టి, "అమ్మా, గ్లోవ్స్ తీసి చేతులు చూపించండి" అంది. తర్వాత, "తల మీరే దువ్వుకుంటారా?" అని అడిగింది. "నాలుగు నెలలుగా బిడ్డే జడ వేస్తుంది" అంది ఆపా. ఆ మాట మాకెవరికీ తెలియదు. రెండు నిమిషాల్లో బీమారీ దొరికింది. అంతకుముందు నాలుగు నెలలు ఎవరూ చేతులు చూడలేదు.

సీపీకే వేలల్లో వచ్చింది. యాంటీబాడీ టెస్టులో జో-1 పాజిటివ్. హెచ్‌ఆర్‌సీటీ స్కాన్‌లో రెండు ఊపిరితిత్తుల కింది భాగాలూ దెబ్బతిన్నాయి. అంతకుముందు ఎవరో ఏఎన్ఏ టెస్టు చేయించి, నెగెటివ్ వచ్చింది కాబట్టి ఇట్లాంటి బీమారీ లేదన్నారు. జో-1 రకంలో ఏఎన్ఏ నెగెటివ్ రావడం మామూలే. కాబట్టి ఆ ఒక్క కాగితంతో తలుపు మూసేయకూడదు.

ఈ జో-1 పేరు వెనక ఒక కహానీ ఉంది. 1980లో నిషికాయ్, రీచ్లిన్ అనే ఇద్దరు పరిశోధకులు దాని గురించి రాశారు. కండరాల జబ్బూ ఊపిరితిత్తుల జబ్బూ రెండూ ఉన్న ఒక మరీజ్ పేరులోని మొదటి అక్షరాలే ఆ మార్కర్‌కు పేరయ్యాయి. అక్కడ మరీజ్ పేరు టెస్టుకు పెట్టారు. ఇక్కడ రిష్తా చెడుతుందని మరీజ్ పేరే దాచిపెడతాం.

వార్డులో ఆపా పక్క బెడ్ మీద ఇరవై ఏళ్ల పిల్ల ఉండేది. ఆ పిల్లకు కమ్‌జోరీ లేదు. లేచి నడిచేది, ఆపాకు నీళ్లు అందించేది. సీపీకే మామూలుగా ఉంది. ఆ ఒక్క టెస్టు చూసి వాళ్ల ఊరి డాక్టర్ ఫికర్ లేదన్నాడట. వేళ్ల కణుపుల మీద పుండ్లు, అరచేతుల్లో నొప్పిపెట్టే గడ్డలు, జుట్టు రాలడం, జ్వరం, కీళ్ల నొప్పులు. యాంటీబాడీ ఎండీఏ-5 అని తేలింది. ఫెరిటిన్ బాగా పెరిగి ఉంది. పన్నెండో రోజు ఆ పిల్లను వెంటిలేటర్ మీదికి మార్చారు. మళ్లీ వార్డుకు రాలేదు. నిక్కా తారీఖు ఖాయమైంది కాబట్టి మచ్చల సంగతి ఎవరికీ చెప్పలేదని వాళ్ల అమ్మ కారిడార్‌లో కూర్చుని చెప్పింది. ఇన్నా లిల్లాహి వ ఇన్నా ఇలైహి రాజిఊన్.

ఈ ఎండీఏ-5ను మొదట 2005లో జపాన్ వాళ్లు గుర్తించారు. చర్మం మీద మచ్చలుండి కండరాల కమ్‌జోరీ దాదాపుగా లేని మరీజ్‌లలో అది కనపడింది. వాళ్లలో కొందరికి ఊపిరితిత్తులు సంవత్సరాలు కాదు, వారాల్లో, నెలల్లో పాడవుతాయి. ఫెరిటిన్ అనేది ఐరన్ నిల్వ చేసే ప్రొటీన్. ఇందులో అది విపరీతంగా పెరిగితే ఖత్రా ఎక్కువని లెక్క. కేఎల్-6 అని ఇంకో మార్కర్ ఉంది, దెబ్బతిన్న ఊపిరితిత్తి కణాల నుంచే రక్తంలోకి వస్తుంది. జపాన్‌లో చాలా ఏళ్లుగా వాడుతున్నారు. అర్థమయ్యిందా? కండరం బాగుంది, సీపీకే బాగుంది అంటే ఊపిరితిత్తి బాగుందని కాదు. కొన్నిసార్లు సరిగ్గా దానికి ఉల్టా.

ఇక నా షికాయత్‌లు.

మొదటిది డాక్టర్ సాబ్‌ల మీద. తప్పంతా వాళ్లదే కాదు, వాళ్ల కితాబులదీ ఉంది. 1975లో బోహన్, పీటర్ అనే ఇద్దరు డాక్టర్లు ఈ బీమారీని గుర్తుపట్టడానికి ఐదు షరతులు రాశారు. కండరాల కమ్‌జోరీ, రక్తంలో ఎంజైములు, ఈఎంజీ, కండరం ముక్క బయాప్సీ, చర్మం మచ్చలు. ఊపిరితిత్తి ఊసే లేదు. 2017లో యూరప్, అమెరికా రుమటాలజీ సంఘాలు కలిసి కొత్త లెక్క తయారుచేశాయి. దాంట్లో యాంటీబాడీల్లో జో-1 ఒక్కదానికే జాగా దొరికింది. ఊపిరితిత్తి జబ్బుకు ఒక్క పాయింటూ లేదు. అవి రీసెర్చ్ కోసం రాసుకున్నవి, ఇలాజ్ కోసం కాదు అంటారు. సరే, మాన్తా హూఁ. కానీ ఓపీలో గంటకు యాభై మందిని చూసే డాక్టర్ బుర్రలో మిగిలేది ఆ లిస్టే. లిస్టులో లేని ఫేఫ్డా ఆయనకు యాదికి రాదు.

పెద్ద సంఘాలు కూడా ఇప్పుడు మాట మార్చుకున్నాయి. 2023లో అమెరికా రుమటాలజీ కాలేజీ, ఛాతీ వైద్యుల కాలేజీ కలిసి గైడ్‌లైన్ ఇచ్చాయి. ఇట్లాంటి బీమారీల్లో ఊపిరితిత్తుల ఖత్రా ఉన్నవాళ్లకు హెచ్‌ఆర్‌సీటీ స్కాన్, ఊదించే పరీక్ష చేయండి, వెతకడానికి ఉత్త ఎక్స్‌రే మీద ఆధారపడొద్దు అని. కారణం సీదా. మొదట్లో ఎక్స్‌రే శుభ్రంగా కనపడొచ్చు. ఆ శుభ్రమైన ఎక్స్‌రే చూసి మనం అల్హమ్దులిల్లాహ్ అనుకుని ఇంటికొస్తాం.

రెండో షికాయత్ మన ఇళ్ల మీద. ఇది రాస్తే కొందరికి కోపం వస్తుందని తెలుసు. ఆపా మొహం మీద ఎరుపు చూసి మొదట నజర్ అన్నారు. మిరపకాయలు దించారు. తర్వాత ఒక ఆమిల్ దగ్గరికి తీసుకెళ్లారు, అసర్ ఉందన్నాడు, తావీజ్ ఇచ్చాడు, పైసలు తీసుకున్నాడు. మెడికల్ షాపులో ఎవరో తెల్లబడే క్రీము ఇచ్చారు. అట్లాంటి క్రీముల్లో చాలావాటిలో స్టెరాయిడ్ ఉంటుంది. మచ్చ కొంచెం పల్చబడింది, అందరూ ఖుష్. నిషానీ చెరిగిపోయింది, బీమారీ లోపల తన పని చేసుకుపోయింది.

దువాకు నేను ఖిలాఫ్ కాదు. ఆపా కోసం నేనూ రాత్రుళ్లు చేతులెత్తాను. రుఖియా చేయించుకోండి, సదఖా ఇవ్వండి. కానీ దవా వాడమని చెప్పిన నబీ ఉమ్మతీలం మనం. ఒంటెను కట్టేసి తవక్కుల్ చెయ్యమని పిల్లలకు నేర్పేవాళ్లం. మన బిడ్డల విషయంలో మాత్రం ఒంటెను వదిలేసి తక్దీర్ అంటాం. తద్బీర్ లేని తక్దీర్ మాట సబర్ కాదు, లాపర్వాహీ.

పర్దా గురించి కూడా సాఫ్‌గా మాట్లాడుకుందాం. ఈ బీమారీ చర్మం నిషానీలు చాలావరకు వేళ్లు, మెడ, భుజాలు, మోచేతుల మీద ఉంటాయి. ఇలాజ్ కోసం జరూరత్ ఉన్నమేరకు డాక్టర్‌కు చూపించొచ్చని ఫుకహా ఎప్పుడో చెప్పారు. లేడీ డాక్టర్ కావాలంటే అడగండి, అది మీ హక్. కానీ చూపించకుండా రాకండి. ఆపా గ్లోవ్స్ మీద షరియత్ ముద్ర లేదు. ఉన్నదంతా రిష్తాల భయమే. ఆమె పెద్ద బిడ్డకు సంబంధాలు చూస్తున్న రోజులవి. 'తల్లికి చర్మం బీమారీ' అంటే బిడ్డ రిష్తా పోతుందని ఆ తల్లి తన చేతులు దాచుకుంది. ఈ భయం ఆమెకు ఎవరు నేర్పారు? మనం కాదా? పిల్ల చూపుల్లో బిడ్డ రంగునూ తల్లి మచ్చల్నూ లెక్కపెట్టే ఆడవాళ్లు, మగవాళ్లు మనమే కదా?

మూడోది హుకూమత్ మీద. హైదరాబాద్‌లో నిమ్స్ లాంటి చోట రుమటాలజీ విభాగం ఉంది, మంచిదే. మీ జిల్లా కేంద్రం పెద్ద దవాఖానాలో రుమటాలజీ డాక్టర్ ఎవరని అడిగి చూడండి. మయోసైటిస్ యాంటీబాడీ టెస్టు అక్కడే చేస్తారా అని అడగండి. మాకైతే ప్రతి టెస్టూ బయటి ల్యాబ్‌లోనే, చేతి డబ్బుతోనే అయ్యింది. పేదోళ్లకు ఇన్ని ఖరీదైన టెస్టులు దేనికి అని ఒక దోస్త్ అన్నాడు. నాలుగు నెలలు తప్పుడు మందులు, పసరు, ఆమిల్, ఆ తర్వాత ఐసీయూ, వీటన్నిటి ఖర్చు ముందు ఒక రక్తపరీక్ష, ఒక స్కాన్ ఎంత? వలీమాలో ఒక దేగ్ తగ్గిస్తే యాంటీబాడీ టెస్టు పైసలొస్తాయి. పేదోడికే సరైన టెస్టు ముందు చేయాలి, తప్పు ఇలాజ్‌ను భరించే తాకత్ వాడికి లేదు కాబట్టి.

ఇంట్లో ఎవరికైనా ఈ నిషానీలుంటే ఇవి అడగండి. సీపీకే చేశారా? చేస్తే, అది మామూలుగా ఉన్నా మచ్చలుంటే మయోసైటిస్ యాంటీబాడీ ప్రొఫైల్ చేస్తారా? జో-1, ఎండీఏ-5, ఆర్ఓ-52 అందులో ఉంటాయి. ఫెరిటిన్ చూశారా? ఎక్స్‌రే కాకుండా హెచ్‌ఆర్‌సీటీ, ఊదించే పరీక్ష ఎప్పుడు? పెద్దవయసు వాళ్లయితే, ఈ బీమారీ వెనక కొందరిలో క్యాన్సర్ దాగి ఉంటుంది కాబట్టి ఆ తపాసణీ కూడా చేస్తారా? కాగితం మీద పాజిటివ్ అని వచ్చినంత మాత్రాన మీరే ఫైసలా చేసుకోవద్దు. ఆ పట్టీల టెస్టులో సన్నగా వచ్చిన గీత కొన్నిసార్లు తప్పు కూడా చెబుతుంది. మచ్చలు, ఆయాసం, స్కాన్ అన్నీ కలిపి చూసేది డాక్టరే.

ఊపిరితిత్తికి వేరే దారుల్లోనూ ఖత్రా వస్తుంది. మింగే కండరం బలహీనపడితే తిండి, నీళ్లు పొలమారి లోపలికి పోయి నిమోనియా వస్తుంది. నీళ్లు తాగితే దగ్గు వస్తోందంటే అది చెప్పాల్సిన మాట. ఇలాజ్‌లో ఇచ్చే మందులు దారితప్పిన ఫౌజ్‌ను అణిచేస్తాయి, దాంతో ఇన్ఫెక్షన్లు సులభంగా పడతాయి. జ్వరం వస్తే ఆగకూడదు. స్టెరాయిడ్ మొహం ఉబ్బిస్తుంది, షుగర్ పెంచుతుంది, నిజమే. కానీ పక్కింటామె మాట విని ఒక్కసారిగా మానేస్తే ప్రాణం మీదికొస్తుంది. తగ్గించడం డాక్టర్ పని. రోజా సంగతి కూడా డాక్టర్‌ను అడగండి. బీమార్‌కు అల్లాహ్ రుఖ్సత్ ఇచ్చాడు. ఆ రుఖ్సత్ తీసుకున్న మనిషిని చూసి గుసగుసలాడే హక్ మనకు ఎవరూ ఇవ్వలేదు.

ఆపా బతికుంది. ఊపిరితిత్తి పోయినంత మేర మళ్లీ రాదన్నారు. మెట్లెక్కలేదు కాబట్టి కింది ఇంటికి మారారు. రాత్రిళ్లు పక్కన ఆక్సిజన్ మిషన్ గుయ్యిమంటుంటుంది. మిషన్ పని మాత్రం మళ్లీ మొదలుపెట్టింది, రోజుకు గంట. పోయిన నెల వెళ్తే, కుర్చీలో కూర్చుని మగ్రిబ్ చదువుకుంటోంది. గ్లోవ్స్ లేవు. నమాజ్ అయ్యాక నా ముందు రెండు చేతులూ చాచి, "దేఖ్ రే, సాబున్ బద్లీ మైఁ" అని నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

ఈరోజు ఇంటికి పోయాక మీ అమ్మీ, మీ బెహెన్, మీ బీవీ చేతులు ఒకసారి వెలుతురులో చూడండి. నేల మీంచి ఎట్లా లేస్తున్నారో గమనించండి. జడ ఎవరు వేస్తున్నారో అడగండి. నేను అడగలేదు.